ఒక ఊరు, ఒక పీపా, 133 రోజులు

2006 డిసెంబర్‌లో దక్షిణ ఇంగ్లండ్‌లోని లూయిస్ పట్టణంలో, పాత కోట పక్కన ఉన్న లూయిస్ ఆర్మ్స్ అనే చిన్న పబ్బులో ఒక మార్పు జరిగింది. కౌంటరు మీద బీరు తోడే చేతిపంపుల్లో ఒకటి మూగబోయింది. ఆ పంపు నుంచి వచ్చే బీరు హార్వీస్ ససెక్స్ బెస్ట్. అది తయారయ్యేది అదే ఊళ్లో, పబ్బు నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, ఊజ్ నది ఒడ్డున. పబ్బు యజమాని మాత్రం ఎక్కడో సఫోక్ జిల్లాలోని బెరీ సెయింట్ ఎడ్మండ్స్ కేంద్రంగా నడిచే గ్రీన్ కింగ్ అనే పెద్ద కంపెనీ. తన పబ్బులో తన బీర్లే అమ్ముకోవాలని ఆ కంపెనీ నిర్ణయించింది. చట్టం దృష్టిలో అందులో తప్పేమీ లేదు. సొత్తు దానిది, నిర్ణయం దానిది. ఊరు మాత్రం ఒప్పుకోలేదు.

ఆ తర్వాత 133 రోజులపాటు సాగిన బహిష్కరణ ప్రపంచ చరిత్రను మార్చినది కాదు. ఎవరూ జైలుకు వెళ్లలేదు, ఏ ప్రభుత్వమూ కూలలేదు. అయినా ఆస్తి హక్కు ఎక్కడ ముగుస్తుంది, ఊరి హక్కు ఎక్కడ మొదలవుతుంది అనే పాత రాజకీయ ప్రశ్నను ఇంత చిన్న ఆవరణలో, ఇంత స్పష్టంగా చూపిన ఘటనలు అరుదు. గొడవ ఒక గ్లాసు బీరు కోసం కావడం వల్ల దాని విలువ తగ్గదు. ప్రజలు దేని కోసం కదులుతారో ముందుగా నిర్ణయించే అధికారం సిద్ధాంతకర్తలకు ఎన్నడూ లేదు.

లూయిస్ చిన్న పట్టణం. జనాభా 17 వేల దాపు. అయితే ఆ ఊరి జ్ఞాపకం పొడవైనది. 1264 మే 14న సైమన్ డి మాంట్‌ఫోర్ట్ నాయకత్వంలోని ప్రభువులు మూడో హెన్రీ రాజును ఓడించి పట్టుకున్నది ఆ ఊరి పక్కనున్న గుట్టల మీదే. మరుసటి ఏడు మాంట్‌ఫోర్ట్ పిలిచిన సభలో పట్టణాల ప్రతినిధులకు కూడా చోటు దొరికింది. బ్రిటిష్ పార్లమెంటు తన పూర్వీకుల్లో ఆ సభను ఒకటిగా లెక్కించుకుంటుంది. 1555-57 మధ్య 17 మంది ప్రొటెస్టెంట్లను ఆ ఊళ్లో సజీవదహనం చేశారు. నేటికీ ఏటా నవంబర్ 5న ఊరంతా కాగడాలు పట్టుకుని వారి పేర తిరుగుతుంది. అధికారంతో తగవు పెట్టుకోవడం ఆ ఊరికి కొత్త కాదు.

1790లో జాన్ హార్వీ మొదలుపెట్టిన సంస్థ ఈ ఊరిదే. 19వ శతాబ్దం పూర్వార్ధం నుంచి నది ఒడ్డున బ్రిడ్జ్ వార్ఫ్ అనే చోట బీరు కాస్తున్నారు. 1881లో విలియం బ్రాడ్‌ఫర్డ్ అనే వాస్తుశిల్పి రూపకల్పనలో ఆ భవనాన్ని తిరిగి కట్టారు. ఎత్తయిన శిఖరం, ఎర్ర ఇటుక, గోథిక్ కిటికీలు చూసి ఊళ్లోవాళ్లు దాన్ని సరదాగా లూయిస్ కెథీడ్రల్ అంటారు. ఆ ఎత్తు అలంకారం కోసం పెట్టింది కాదు. విద్యుత్ మోటార్లు లేని కాలంలో మాల్టునూ నీటినీ ముందు పైఅంతస్తుకు చేర్చి, అక్కడి నుంచి భూమ్యాకర్షణ మీదే ఒక్కో దశనూ కిందికి దింపేవారు. పై అంతస్తులో నానడం, కింది అంతస్తులో మరగడం, ఇంకా కింద పులియడం, నేలమాళిగలో పీపాల్లోకి చేరడం. కట్టడమే యంత్రం.

బీరులో ఉండేవి నాలుగే: నీరు, మాల్టు చేసిన బార్లీ, హాప్స్ పూలు, ఈస్ట్. హార్వీస్ నీరు సొంత బావిది. ససెక్స్ సుద్దరాయి కొండల మీద కురిసిన వాన, రాతి పొరల గుండా ఏళ్ల తరబడి ఇంకి ఆ బావికి చేరుతుంది. హాప్స్‌లో ఎక్కువ భాగం ససెక్స్, కెంట్, సర్రే తోటలవి. ఈస్ట్ కథ వేరు. 1957లో యార్క్‌షైర్‌లోని టాడ్‌కాస్టర్ నుంచి, జాన్ స్మిత్స్ అనే మరో బ్రూవరీ నుంచి దాన్ని తెచ్చుకున్నారు. అప్పటి నుంచి ప్రతి కాపులో పుట్టిన ఈస్ట్‌ను తీసి తర్వాతి కాపులో వేస్తూ అదే వంశాన్ని నిలుపుకొస్తున్నారు. పెరుగులో తోడు కోసం చెంచాడు దాచుకునే ఇల్లాలికి ఈ పద్ధతి వివరించనక్కర్లేదు. తోడు మారితే పెరుగు రుచి మారినట్టే, ఆ ఈస్ట్ పోతే ఆ బీరు పోతుంది. ఆ గుణం అర్ధ శతాబ్దానికి పైగా ఆ ఊరి గాలిలో, ఆ తొట్లలో స్థిరపడింది.

పీపా బీరు అనేది సీసా బీరు వంటిది కాదు. సీసాలో వచ్చేదాన్ని సాధారణంగా వడగట్టి, వేడిచేసి, గ్యాసు ఎక్కించి, నెలల తరబడి నిలవ ఉండేట్టు చేస్తారు. పీపాలో వెళ్లేది ప్రాణమున్న పానీయం. పబ్బు నేలమాళిగలో కూడా పులుస్తూనే ఉంటుంది. దాన్ని ఎప్పుడు తెరవాలో, ఎంత చల్లగా ఉంచాలో పబ్బు నడిపేవాడికి తెలియాలి. తెరిచాక కొద్ది రోజుల్లో చెల్లిపోవాలి, లేకుంటే పులిసిపోతుంది. ఉదయం దించిన కల్లు సాయంత్రానికి మరో గుణానికి మారుతుందని ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ తర్కం సులువుగా అందుతుంది. నిలవ ఉండనిది దూరం పోలేదు. దూరం పోలేనిది ఊరిని విడిచిపెట్టదు. పీపా బీరుకూ దాన్ని కాచే ఊరికీ, దాన్ని పోసే పబ్బుకూ మధ్య ఉన్న బంధం భావోద్వేగంతో మొదలైంది కాదు. అది సరుకు స్వభావంలోనే ఉంది. భావోద్వేగం తర్వాత వచ్చి చేరింది.

ఈ ఊరికి మరో నివాసి ఉన్నాడు. 1768లో ఎక్సైజ్ అధికారిగా లూయిస్‌కు బదిలీ అయి వచ్చిన థామస్ పెయిన్. బుల్ హౌస్ అనే ఇంట్లో పొగాకు వర్తకుడి దగ్గర అద్దెకు దిగి, 1771లో ఆ ఇంటి కూతురు ఎలిజబెత్ ఆలివ్‌ను పెళ్లాడాడు. అతని ఉద్యోగం గుర్రమెక్కి తిరుగుతూ బీరు, సారాయి వంటి సరుకులను కొలిచి సర్కారుకు పన్ను లెక్క కట్టడం. జీతం ఏడాదికి 50 పౌండ్లు. గుర్రం ఖర్చు అందులోంచే. సాయంత్రాలు వైట్ హార్ట్ అనే సత్రంలో హెడ్‌స్ట్రాంగ్ క్లబ్ అనే చర్చాబృందంలో గడిచేవి. తోటి అధికారుల జీతాలు పెంచమని కోరుతూ 1772లో రాసిన వినతిపత్రం అతని మొదటి రాజకీయ రచన. అది ఫలించలేదు. 1774లో ఉద్యోగం పోయింది, వ్యాపారం పోయింది, భార్యతో విడిపోయాడు. ఆ ఏడాది చివర్లో ఓడెక్కి అమెరికా చేరాడు. 1776 జనవరిలో అతని ‘కామన్ సెన్స్’ అచ్చయింది. ఒక సామ్రాజ్యం చీలికకు అక్షరమిచ్చిన మనిషి వాదించడం నేర్చుకున్నది ఆ ఊరి సత్రంలో, చేతిలో గ్లాసుతో. నేటికీ హార్వీస్ వారు టామ్ పెయిన్ పేరుతో ఒక బీరు కాస్తారు. 2008లో ఆ ఊరు సొంతంగా స్థానిక కరెన్సీ అచ్చువేసుకున్నప్పుడు దాని మీద ముద్రించిన బొమ్మ కూడా అతనిదే.

పబ్బు అంటే మద్యం దుకాణం అనుకుంటే ఈ కథ అర్థం కాదు. ఆ పదం పబ్లిక్ హౌస్ అనే మాటకు కుదింపు. అంటే జనం ఇల్లు. ఇంట్లో పొయ్యి చాలనివాడు వెచ్చదనం కోసం, సంఘం పెట్టుకునేవాడు గది కోసం, పని వెతుక్కునేవాడు కబురు కోసం వెళ్లిన చోటు. తెలుగు పల్లెలో రచ్చబండ, ఊరి మధ్య టీకొట్టు చేసే పనిని కలిపి ఒకే పైకప్పు కింద పెడితే దానికి దగ్గరగా వస్తుంది. అయితే రచ్చబండకు యజమాని ఉండడు. పబ్బుకు ఉంటాడు. చిక్కంతా అక్కడే.

ఇంగ్లండ్‌లో 18, 19 శతాబ్దాల నుంచి బ్రూవరీలు పబ్బులను కొనుక్కోవడం మొదలుపెట్టాయి. అలా కొన్న పబ్బును టైడ్ హౌస్ అంటారు, అంటే ముడిపడిన ఇల్లు. నడిపేవాడు కౌలుదారు. అద్దె బ్రూవరీకి కట్టాలి, బీరు ఆ బ్రూవరీ దగ్గరే కొనాలి. ఈ ముడి రెండు పనులు చేసింది. చిన్న బ్రూవరీకి ఖాయమైన గిరాకీ ఇచ్చి బతికించింది. హార్వీస్‌కు కూడా ససెక్స్‌లోనూ చుట్టుపక్కలా 50 దాకా పబ్బులున్నాయి. లండన్‌లో బరో పేటకు దగ్గరగా టాబర్డ్ వీధిలోని రాయల్ ఓక్ వాటిలో ఒకటి. ఆ పబ్బులు లేకుంటే ఆ బ్రూవరీ ఏనాడో మూతపడేది. అదే ముడి పెద్ద కంపెనీ చేతిలో పడితే జనానికి ఎంపిక లేకుండా చేసే సంకెల అవుతుంది.

1989 నాటికి దేశంలోని బీరులో అత్యధిక భాగం ఆరు పెద్ద సంస్థల చేతుల్లో ఉంది. గుత్తాధిపత్యాల విచారణ సంఘం నివేదిక తర్వాత, మార్కెట్‌ను దైవంగా కొలిచిన మార్గరెట్ థాచర్ ప్రభుత్వం ఆ ముడిని సడలించాలని నిర్ణయించింది. 2,000కు మించి పబ్బులున్న బ్రూవరీలు ఆ మించిన వాటిలో సగాన్ని విడిపించాలని ఉత్తర్వులిచ్చింది. చిన్న బ్రూవరీల బీరు కూడా ఆ పబ్బుల్లోకి చేరుతుందని, పోటీ పెరుగుతుందని ఆశ. జరిగింది వేరు. బ్రూవరీలు వదిలిన పబ్బులను, బీరు కాయని కొత్త కంపెనీలు అప్పులు తెచ్చి వేలకొద్దీ కొన్నాయి. వాటికి పబ్బు ఒక స్థిరాస్తి మాత్రమే. అద్దె పెంచాయి, ముడి మాత్రం వదల్లేదు. పాత భూస్వామి స్థానంలో కొత్త భూస్వామి వచ్చాడు. భూసంస్కరణల చరిత్ర తెలిసిన భారతీయ పాఠకుడికి ఇందులో వింత కనిపించదు. ఉత్తర్వు కాగితం మీద ఒకలా ఉంటుంది, భూమి చేతులు మారేటప్పుడు మరోలా మారుతుంది.

లూయిస్ ఆర్మ్స్ కథ ఆ నేపథ్యంలోది. ఆ పబ్బు ఒకప్పుడు అదే ఊరికి చెందిన బియర్డ్స్ కంపెనీది. ఆ కుటుంబం 20వ శతాబ్దం మధ్యలో సొంతంగా బీరు కాయడం ఆపి, తన పబ్బుల్లో హార్వీస్ కాచినదాన్ని అమ్ముతూ వచ్చింది. 1998లో ఆ పబ్బులన్నీ గ్రీన్ కింగ్‌కు అమ్ముడయ్యాయి. కొన్నేళ్లు పాత అలవాటు ప్రకారమే హార్వీస్ బీరు పోస్తూ వచ్చారు. అక్కడ ఎక్కువగా చెల్లేది కూడా అదే. 2006 చివరిలో దాన్ని తీసేశారు.

గ్రీన్ కింగ్ వాదనను తేలిగ్గా తోసెయ్యడం న్యాయం కాదు. ఆ కంపెనీ కూడా 1799లో పుట్టిన బ్రూవరీయే. తన సొమ్ముతో కొన్న దుకాణంలో పోటీదారు సరుకు అమ్మాలని ఏ వ్యాపారినీ బలవంతపెట్టలేరు. హార్వీస్ కూడా తన పబ్బుల్లో ముందుగా తన బీరుకే పీట వేస్తుంది. ఆ రోజుల్లో గ్రీన్ కింగ్‌ను నడిపించిన రూనీ ఆనంద్ భారతీయ మూలాలున్నవారు. ఆ కంపెనీకి పేరు తెచ్చిన బీరు ఐపీఏ, అంటే ఇండియా పేల్ ఏల్. కలకత్తాకూ మద్రాసుకూ ఓడల్లో నెలల ప్రయాణం తట్టుకునేందుకు హాప్స్ దట్టించి పంపిన పాత బీరు రకం పేరది. ఊరి బీరుకు ఎదురుగా నిలిచిన కంపెనీ గుర్తులో ఇండియా పేరు ఉండటం చరిత్ర చేసే చిన్న పరిహాసాల్లో ఒకటి.

పబ్బుకు రోజూ వచ్చేవారు ‘ఫ్రెండ్స్ ఆఫ్ ది లూయిస్ ఆర్మ్స్’ పేరుతో జట్టుకట్టారు. ముందు విన్నపాలు పంపారు. వెయ్యికి పైగా సంతకాలు సేకరించారు. జవాబు రాలేదని తేలాక లోపలికి వెళ్లడం మానేశారు. చలికాలంలో, బయట వీధిలో నిలబడి, వచ్చేవారికి విషయం చెప్పి తిప్పి పంపారు. లోపలికి వెళ్లినవారి మీద చెయ్యి వెయ్యలేదు, అద్దాలు పగలగొట్టలేదు. పక్క పబ్బుల్లో కూర్చుని తర్వాతి అడుగు గురించి మాట్లాడుకున్నారు. స్థానిక పార్లమెంటు సభ్యుడు నార్మన్ బేకర్ మద్దతు పలికారు. లండన్ పత్రికలు రాశాయి. పబ్బులో వ్యాపారం 90 శాతం పడిపోయిందని ఆ వార్తల సారాంశం.

ఈ బహిష్కరణలో గమనించవలసింది అందులో పాల్గొన్నవారు వదులుకున్నది. కొనుగోలుదారు బహిష్కరణ సాధారణంగా ఒక సరుకు మాని మరో సరుకు కొనడం. ఇక్కడ వాళ్లకు హార్వీస్ బీరు దొరకక కాదు. ఊళ్లో మరో పది చోట్ల దొరుకుతుంది. వాళ్లు వదులుకున్నది తాము ఏళ్ల తరబడి కూర్చున్న చోటును. బఠాణీలు విసిరే ప్రపంచ పోటీ వంటి పిచ్చి సరదాలను ఏటా జరుపుకున్న చోటును. తమదనుకున్న దాన్ని కాపాడుకోవడానికి తామే దాన్ని ఖాళీ చేశారు. గోడలు, బల్లలు, నేలమాళిగ అన్నీ కంపెనీ చేతిలోనే ఉన్నాయి. కాని పబ్బు లేదు. అది వీధిలో చలికి నిలబడి ఉంది. కంపెనీ కొన్నది భవనాన్ని, లెక్కలో చూపింది జనాన్ని. ఈ తేడా బయటపడటానికి 133 రోజులు పట్టింది.

2007 ఏప్రిల్‌లో గ్రీన్ కింగ్ వెనక్కి తగ్గింది. హార్వీస్ మళ్లీ పంపులోకి వచ్చింది. ఆ పబ్బుతో తమ వాడుకరులకు ఉన్న అనుబంధాన్ని తక్కువగా అంచనా వేశామన్న అర్థం వచ్చేలా కంపెనీ మాట్లాడింది. పెద్ద సంస్థలు ఓటమిని ఇంతకు మించి ఒప్పుకోవు.

ఈ గెలుపును ఎంతవరకు లెక్కించాలి? లూయిస్ చదువుకున్న, సంపాదన ఉన్న మధ్యతరగతి ఊరు. పత్రికలకు ఉత్తరాలు రాయడం తెలిసినవారు, పార్లమెంటు సభ్యుడికి ఫోను చేయగలిగినవారు అక్కడున్నారు. ఉత్తర ఇంగ్లండ్‌లో గనులు మూతపడిన పట్టణాల్లో వందల పబ్బులు ఏ పత్రికకూ ఎక్కకుండానే తలుపులు మూసుకున్నాయి. 2000లో బ్రిటన్‌లో 60 వేలకు పైగా ఉన్న పబ్బులు ఇప్పుడు 45 వేల దాపుకు వచ్చాయి. వాటిలో చాలావాటిని బహిష్కరణ కాపాడలేదు. బహిష్కరించడానికి కావలసినంత జనమే వాటిలో లేరు. సూపర్‌మార్కెట్‌లో చవక బీరు, పన్నులు, పెరిగిన అద్దెలు, ఖాళీ జేబులు కలిసి వాటిని ఖాళీ చేశాయి. గ్రీన్ కింగ్ కథ కూడా అక్కడితో ఆగలేదు. 2019లో ఆ కంపెనీనే హాంకాంగ్‌కు చెందిన సీకే అసెట్ హోల్డింగ్స్ కొనేసింది. ధర 270 కోట్ల పౌండ్లు. అదే ఏడాది లండన్‌లో పేరున్న ఫుల్లర్స్ కుటుంబ సంస్థ తన బీరు కాచే వ్యాపారాన్ని జపాన్‌కు చెందిన అసాహీకి 25 కోట్ల పౌండ్లకు అమ్మేసి పబ్బులు మాత్రం ఉంచుకుంది. అంతకుముందు 2006లో వాండ్స్‌వర్త్‌లోని యంగ్స్ బ్రూవరీ మూతపడింది. ససెక్స్‌లోనే హోర్షమ్‌లో ఉన్న కింగ్ అండ్ బార్న్స్ 2000లో చేతులు మారి ఆగిపోయింది. ఒక ఊరి చిన్న విజయం చుట్టూ ఇన్ని నిశ్శబ్ద ఓటములున్నాయి.

అలాంటప్పుడు హార్వీస్ ఎలా నిలిచింది? కుటుంబ సంస్థ కావడం వల్లే అనే జవాబు సులువుగా నోటికొస్తుంది. ఆ జవాబును అనుమానించాలి. కుటుంబం అనే మాట భారత రాజకీయాలను చూసేవారికి పవిత్రంగా వినపడదు. పార్టీలు వారసత్వంగా చేతులు మారినప్పుడు ఏం జరుగుతుందో ఈ ఉపఖండం నలుమూలలా చూసింది. బీరులోనూ అంతే. యార్క్‌షైర్‌లో 1758 నుంచి నడుస్తున్న శామ్యూల్ స్మిత్స్ కూడా పాత కుటుంబ బ్రూవరీయే. లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో 1667లో తిరిగి కట్టిన యీ ఓల్డ్ చెషైర్ చీజ్ దాని పబ్బుల్లో ఒకటి. చారిత్రక కట్టడాలను అది శ్రద్ధగా కాపాడింది. అదే సంస్థ 2004లో తన పబ్బుల్లో సంగీతాన్ని, 2017లో బూతు మాటలను, 2019లో మొబైల్ ఫోన్ల వాడకాన్ని నిషేధించింది. వాటిలో మంచి ఉందా చెడు ఉందా అన్నది వేరే చర్చ. నిర్ణయించింది ఒక కుటుంబం. కూర్చునే జనాన్ని ఎవరూ అడగలేదు. దయగల జమీందారు కూడా జమీందారే.

కుటుంబ యాజమాన్యానికి నిజంగా ఉన్న బలం నైతికమైనది కాదు, కాలానికి సంబంధించినది. మూడు నెలలకోసారి వాటాదారుకు లాభం చూపవలసిన సంస్థ ఒకలా ఆలోచిస్తుంది. మనవడికి బావి అప్పగించవలసిన సంస్థ మరోలా ఆలోచిస్తుంది. 2000 అక్టోబర్‌లో ఊజ్ నది పొంగి లూయిస్ మునిగినప్పుడు హార్వీస్ బ్రూవరీలోకి వరద చేరింది. లెక్కల మనిషి ఎవరైనా నది ఒడ్డు వదిలి హైవే పక్కన రేకుల షెడ్డు కట్టమని సలహా ఇచ్చి ఉండేవాడు. ఆ సంస్థ అక్కడే ఉంది. వరదలో తొట్లలో మిగిలిన బీరును ఊజ్ బూజ్ అనే పేరుతో అమ్మింది. ఆ నవ్వులో మొండితనం ఉంది. నది ఒడ్డున పుట్టినవాడు నదితో పడవలసిన పాట్లు పడతాడు.

ఇక ఈ కథను చదివే తెలుగు పాఠకుడి మనసులో ఒక అభ్యంతరం లేస్తుంది. లేవాలి కూడా. తాగుడు గురించి ఇంత అనురాగంతో మాట్లాడే హక్కు ఎవరికుంది? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ కదలిక జిల్లాలు దాటింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. దూబగుంట స్త్రీకి సారా దుకాణం జనం ఇల్లు కాదు. తన ఇంటి కూలిడబ్బులు పోయే గొయ్యి.

పైకి చూస్తే ఈ రెండు ఉద్యమాలూ ఎదురెదురు దిక్కులు. ఒకచోట తాగడానికి ఉద్యమం, మరోచోట తాగించకుండా ఉద్యమం. లోపలికి చూస్తే రెండు చోట్లా అడిగిన ప్రశ్న ఒకటే: ఊరి మధ్య ఏం అమ్మాలో నిర్ణయించేది ఎవరు? దూబగుంటలో సారాను పాట పాడుకున్న గుత్తేదారు అమ్మాడు. అతని వెనుక ఆదాయం లెక్కపెట్టుకునే ప్రభుత్వం ఉంది. లూయిస్‌లో కంపెనీ ఉంది. రెండు చోట్లా ఆ నిర్ణయం ఊరికి దూరంగా, ఊరి ముఖం చూడనివారి లెక్కల పుస్తకంలో జరిగింది. రెండు చోట్లా ఊరు తన దగ్గరున్న ఏకైక ఆయుధాన్ని వాడింది. దుకాణాన్ని నిలువనీయకపోవడం.

తేడాలను మాత్రం చెరపకూడదు. లూయిస్‌లో ఓడినా పోయేది ఒక సాయంత్రపు అలవాటు. దూబగుంటలో ఓడితే పోయేది అన్నం. లూయిస్‌లో ఎదిరించింది ఒక కంపెనీని, దూబగుంటలో పోలీసూ ఖజానా ఉన్న ప్రభుత్వాన్ని. అందుకే లూయిస్ గెలుపు నిలిచింది, దూబగుంట గెలుపు రెండేళ్లకే ఖజానా ముందు తలవంచింది. రాజ్యాంగం 47వ అధికరణం మత్తుపానీయాల నిషేధాన్ని రాజ్యానికి ఆశయంగా చెబుతుంది. ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలోని 51వ అంశం అదే మత్తుపానీయాల మీద ఎక్సైజ్ సుంకం వేసే అధికారాన్ని రాష్ట్రానికి ఇస్తుంది. జీఎస్టీ వచ్చాక కూడా రాష్ట్రాలు చేజార్చుకోని ఆదాయం అది. ఒకే గ్రంథం ఒక చేత్తో వారించి మరో చేత్తో పన్ను గుంజుకోమంటుంది. పెయిన్ కాలపు ఇంగ్లండ్ రాజుకూ, ఇప్పటి రాష్ట్ర ప్రభుత్వాలకూ ఈ ఒక్క విషయంలో పెద్ద తేడా లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. తెలిసిన బ్రాండ్లు కనిపించడం లేదన్న ఫిర్యాదు 2024 ఎన్నికల ప్రచార సభల దాకా వచ్చింది. తర్వాత దుకాణాలు మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి. ఈ మార్పుల్లో దేనిలోనూ ఊరి మాటకు చోటు లేదు. ఒకసారి ప్రభుత్వం నిర్ణయించింది, మరోసారి లాటరీ నిర్ణయించింది. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి కల్లు, ఊరితో ముడిపడిన ప్రాణమున్న పానీయంగా హార్వీస్ పీపాకు నిజమైన బంధువు. కాని విధాన చర్చల్లో దానికి దొరికేది చివరి పేరా మాత్రమే.

బ్రిటన్‌లో ఆ తర్వాత చట్టం కొంత కదిలింది. 2011 నాటి స్థానిక పాలనా చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో ఒక పబ్బును సమాజానికి విలువైన ఆస్తిగా నమోదు చేయమని ఊరివారు కోరవచ్చు. యజమాని అమ్మదలిస్తే, కొనడానికి నిధులు సమకూర్చుకునేందుకు వారికి కొంత గడువు దొరుకుతుంది. 2016లో వచ్చిన పబ్బుల నియమావళి 500కు పైగా ముడిపడిన పబ్బులున్న కంపెనీల కౌలుదారులకు మార్కెట్ అద్దెకు మారమని అడిగే దారి ఇచ్చింది. రెండూ పరిమితమైనవే. గడువు ఇస్తాయి గాని డబ్బు ఇవ్వవు. అయినా అవి ఒక సూత్రాన్ని గుర్తించాయి. ఒక చోటును ఏళ్ల తరబడి నింపినవారికి, దాని పట్టా లేకపోయినా, దాని మీద ఎంతో కొంత మాట ఉంటుంది.

ఆ సూత్రాన్ని పబ్బు దగ్గరే ఆపడానికి కారణం లేదు. ఊరి బడి, సంత, చెరువు గట్టు, సినిమాహాలు, బస్టాండు, గ్రంథాలయం అన్నీ ఒకరి పట్టా కింద ఉన్నవే, మరెందరి జీవితం కిందో నిలిచినవే. పట్టాదారు లేచి వీటిలో ఒకదాన్ని మార్చినప్పుడు సాధారణంగా వినిపించే మాట ఒకటే: చట్టప్రకారం తప్పేముంది? లూయిస్ ప్రజలు ఆ ప్రశ్నకు న్యాయస్థానంలో జవాబివ్వలేదు. తప్పు లేదనే ఒప్పుకున్నారు. ఒప్పుకుని, నాలుగు నెలలకు పైగా బయట నిలబడ్డారు. 1772లో అదే ఊళ్లో ఒక పన్ను గుమాస్తా మర్యాదగా రాసిన వినతిపత్రాన్ని చదవడానికి పైవారికి తీరిక దొరకలేదు. అతను అక్కడి నుంచి నేర్చుకున్న పాఠాన్ని ఆ ఊరు 2006లో చిన్న స్థాయిలో మళ్లీ చదివింది. విన్నపం పనిచేయనప్పుడు మిగిలేది గైర్హాజరు. దాన్ని లెక్కించక తప్పదు.